ఎవరి చేతి సంతకం

"ఇది నా సంతకం కాదు."

నిరోష ఆ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి ఆశ్చర్యపోయి అంది. రెండోసారి అరిచింది. ఈసారి అరవడానికి ఓపిక లేక, నేల మీద చతికిలబడి అంది.

చుట్టూ పుస్తకాలు. 'కార్డు లేని పిల్ల'. ఆమె రాసిన మొదటి నవల, కొత్త అట్టల వాసన ఇంకా పోలేదు. రచయిత్రి సంతకంతో కావాలని ముందుగా చెప్పి పెట్టుకున్న వాళ్లకు పంపవలసిన ప్రతులివి. కంటి ఆపరేషన్ చేయించుకున్న తల్లిని చూసుకోవడానికి బీర్కూర్ వెళ్లేటప్పుడు వీటిని ఈ మూలనే పెట్టి, తిరిగొచ్చి సంతకాలు చేస్తానని చెప్పి మరీ వెళ్లింది. ఈ పొద్దున కామారెడ్డిలో బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టేసరికి అన్నీ కట్టలు కట్టి సిద్ధంగా ఉన్నాయి. ఖాళీగా వదిలి వెళ్లిన మొదటి పేజీలో 'ప్రేమతో, నిరోష' అని ఉంది.

రాత ముత్యాల్లా ఉంది. చిక్కంతా అదే. నిరోష రాత కోడి కెలికినట్టుంటుంది.

"నేనే రాసిన వదినె," అంది ప్రవళిక. నిరోష ఆడబిడ్డ, డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. గోడకు వీపు ఆనించి, చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది. "నీ పేరే రాసిన గద. వేరేవాళ్ల పేరు రాయలే."

"నా పేరు నువ్వెందుకు రాస్తవ్?"

"ఫోన్లు ఆగలే. పుస్తకం రాలే, పుస్తకం రాలే అని ఒక్కటే సతాయించుడు. మంచిగ రాసిన వదినె. ఒక్క దాంట్ల గూడ కొట్టేసింది లేదు."

"మంచిగ రాయకపోయినా బాగుండు," అంది నిరోష.

ప్రవళికకు ఆ మాట అర్థం కాలేదు. అర్థం కానందుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

భర్త మహిపాల్ గుమ్మంలో నిలబడి చెప్పుల వైపు చూస్తున్నాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు తెరవవలసిన వేళ దాటిపోయింది. కదిలితే ఒక తంటా, కదలకపోతే ఇంకొకటి.

"ఇంట్లున్నయి ఉన్నయి," అన్నాడు చివరికి. "ఎల్లారెడ్డి కట్ట నిన్ననే బస్సుల ఏసిన. పర్శరాములు సారు దించుకున్నడు. అందరికి ఇచ్చిండట గూడ."

నిరోష నుదురు కొట్టుకుంది. పోయి పోయి ఎల్లారెడ్డికే పోవాలా ఆ కట్ట.

పుస్తకం విడుదలైన నాటి నుంచి ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. బీడీలు చేసే ఇంటి కోడలు నవల రాయడమేమిటి, వెనక ఎవరో ఉండి రాసిచ్చి ఉంటారు, పేరు మాత్రం ఆమెది. మొహం మీద ఎవరూ అనరు. నవ్వుతూ 'మీరే రాసిన్రా మేడం' అని అడుగుతారు, అంతే. ఆ నవ్వులకు అడ్డం నిలబడ్డది ఒక్క పర్శరాములు సారే. ఎల్లారెడ్డిలో బడిపంతులుగా చేసి దిగిపోయాక, ఇంటి మేడ మీద పుస్తకాలు చదివేవాళ్లను పోగు చేసి కూర్చోబెట్టే మనిషి. విడుదల రోజున మొదటి ప్రతి ఆయనే కొని, కళ్ల ముందు సంతకం చేయించుకున్నాడు. ఈ మధ్యాహ్నం ఆయన మేడ మీదే నిరోషతో మాటామంతీ.

ఆయన దగ్గర కోడి కెలికిన సంతకం ఉంది. మిగతా అందరి దగ్గర ముత్యాలున్నాయి.

తలుచుకున్నట్టే ఫోన్ మోగింది.

"అమ్మా నిరోషా, బయల్దేరినవా?" సారు గొంతు హుషారుగా ఉంది. "మావోళ్లందరు పుస్తకాలు పట్టుకొని వస్తున్నరు. సంతకాల పేజీలు వరుసగ తెరిచి పెట్టి ఫోటో తీసి గ్రూపుల ఏద్దమంటున్నరు. నాది గూడ పెడ్త. ముందుగాల తీసుకున్నోన్ని నేనే గద."

"సరే సార్," అంది నిరోష. ఇంకేమనగలదు.

ఫోన్ పెట్టేసింది. పొద్దుటి నుంచి వెనకగదిలోంచి కత్తెర చప్పుడు వస్తోంది. బీడీల కోసం తునికాకు కత్తిరించే కత్తెర. అంతసేపూ ఆగకుండా వస్తున్న ఆ చప్పుడు ఇప్పుడు ఆగింది.

"దాన్నేమనకు," అంది అక్కడి నుంచే అత్తగారు భూదవ్వ. "నేనే రాయమన్న."

నిరోష లేచి వెనకగది గుమ్మం దాకా వెళ్లింది. భూదవ్వ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆకులు, తంబాకు, ఎర్రదారం ఉండ. ఈ వయసులో ఎందుకు అత్తమ్మా అంటే ఊరికే కూర్చుంటే చేతులు గుంజుతాయంటుంది.

"ఎందుకు రాయమన్నరు అత్తమ్మా?"

"మీ అవ్వ కండ్లు జూసుకుంట నువ్వక్కడుంటివి. ఈడ పని ఆగవట్టె. ఏ, గంతనా, ప్రవళిక చెయ్యి మంచిగుంటది, అది రాస్తది అన్న. మనింట్ల ఎవల పనన్న ఎవలన్న లేరని ఆగిందా?"

ఆగలేదు, నిజమే. ఈ ఇంట్లో పనికి మనిషి పేరు ఉండదు. ఒకరు ఆకు కత్తిరిస్తారు, ఒకరు చుడతారు, ఒకరు దారం కడతారు. ఎవరి చేయి ఖాళీగా ఉంటే వాళ్లు. బీడీలు కార్ఖానాకు పోయేది మాత్రం ఒక్క పేరు మీదే, కార్ఖానా ఇచ్చిన కార్డు ఎవరిదైతే వాళ్ల పేరు. ఆ కార్డు భూదవ్వది కూడా కాదు. ఆమె వదిన భూమక్కది. అన్నా వదినలు ఎల్లారెడ్డికి మారిపోయి కొట్టు పెట్టుకున్నారు. కార్ఖానావాళ్లు కొత్త కార్డులు ఇవ్వడం మానేశారు. భూమక్క కార్డు మీద భూదవ్వ జీవితమంతా బీడీలు చేసింది. కొత్త కోడలిగా వచ్చిన నిరోష చుట్టిన బీడీలు కూడా భూమక్క చేసినట్టే లెక్కకెక్కాయి. పని చేసిన చేతులు ఇక్కడ, పెన్షన్ అక్కడ.

నిరోష నవల రాసింది సరిగ్గా దాని మీదే. కథలో పేర్లు మార్చింది, ఊరు మార్చలేదు.

"నేను రాసిందేంది అత్తమ్మా?" అంది నిరోష. "ఒకరి చేతుల కష్టం ఇంకొకరి పేరు మీద పోవద్దని గద. గా పుస్తకం మీదనే, నా ఇంట్లనే గిట్ల చేస్తే నేనేం మొఖం పెట్టుకొని మాట్లాడాలె?"

భూదవ్వ దారం ఉండ పక్కన పెట్టింది.

"రాసినవ్. నా ముచ్చటనే రాసినవ్. చాట కాడ కూసొని అడిగినవ్, చెప్పిన. మరి అట్ట మీద ఎవల పేరుంది బిడ్డా?"

ఆ మాటలో కోపం లేదు. ఉప్పు ఉందా అని అడిగినట్టు అడిగింది.

మహిపాల్ దగ్గాడు. ప్రవళిక చున్నీ వదిలేసింది. నిరోషకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. రాత్రులు మేలుకుని, కొట్టేసి, మళ్లీ రాసి, వంట చేస్తూ వాక్యాలు అల్లుకుని తెచ్చిన పుస్తకం. దాన్ని పట్టుకుని ఈమె ఇంత మాటనేసింది. నొప్పి పుట్టిన చోట నోరు ఆగదు.

"సంతకం పెట్టుడంటే వేరే ముచ్చట అత్తమ్మా. వేలిముద్ర ఏసేటోళ్లకు దాని విలువ ఎట్ల తెలుస్తది?"

అనేసింది. అన్న వెంటనే నాలుక కరుచుకుంది. ఏం లాభం, మాట బయటపడింది.

బ్యాంకులో, రేషన్ దుకాణంలో భూదవ్వ ఎప్పుడూ వేలిముద్రే వేస్తుంది. నవల ఆఖరి ఘట్టంలో కథానాయిక సిరా అంటిన బొటనవేలు చూసుకుంటూ నిలబడిపోతుంది. చదివిన వాళ్లంతా అక్కడ ఏడ్చామని చెప్పారు.

భూదవ్వ ఒళ్లోని తంబాకు పొడి దులుపుకుంది. చాట ఎత్తి గూట్లో పెట్టింది.

"సీర మార్చుకస్త. నేను గూడ ఎల్లారెడ్డికొస్త."

"మీరెందుకు అత్తమ్మా?"

"మా వదినెను జూసి శాన దినాలైంది," అని కొళాయి దగ్గరికి వెళ్లిపోయింది.

మహిపాల్ నిరోష దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "చెయ్యి నొస్తుండె, అందుకే రాత మారిందని చెప్పు. సంతకాలేమన్న గజం పెట్టి కొలుస్తరా?"

"చెయ్యి నొస్తే రాత పాడైతది గని బాగుపడ్తదా?" అంది నిరోష.

మహిపాల్ చెప్పులేసుకుని కొట్టుకు పోయాడు.

---

బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దొరికింది. భూదవ్వ కిటికీ పక్కన, నిరోష ఈ చివర. మధ్యలో ప్రవళిక, తప్పు చేసిన పిల్లలా సర్దుకుని, ఎవరికీ తగలకుండా కూర్చుంది.

కండక్టర్ వచ్చి ఉచిత టికెట్లు కొట్టడానికి ఆధార్ కార్డులు అడిగాడు. భూదవ్వ రవికలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి కార్డు తీసి చూపించింది. తన పేరు ఉన్న కార్డు అదొక్కటే ఆమెకు. మళ్లీ కవరులో పెట్టి భద్రంగా దాచుకుంది. ఇటు తిరగలేదు.

తాడ్వాయి దాటింది. నిరోష క్షమాపణ చెప్పాలనుకుంది. నోటి దాకా వచ్చింది. 'అట్ట మీద ఎవల పేరుంది' అన్న మాట అడ్డం పడి మళ్లీ లోపలికి పోయింది.

టికెట్ వెనక్కి తిప్పి, బ్యాగులోంచి పెన్ను తీసింది. ప్రవళిక సంతకం ఉన్న పుస్తకమొకటి ఒళ్లో పెట్టుకుని చూస్తూ దించడం మొదలుపెట్టింది. ఇకనుంచి ఇదే తన సంతకం అనుకుంటే పోలేదా. నేర్చుకుంటే రాదా. 'ని' దగ్గర వచ్చే ఆ వంపు, 'ష' చివర ఆ చిన్న తోక. బస్సు కుదుపుకు తోక టికెట్ దాటి వేలి మీదికి పాకింది.

"గట్ల గాదు వదినె," ప్రవళిక ఉండబట్టలేక నెమ్మదిగా అంది. "పెన్ను ఎత్తకుండ రాయాలె."

నిరోష ఆమె వైపు చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన పేరు తనకే ఒకరు దిద్దబెట్టే రోజు వచ్చింది. ఇంత చదువు, ఇంత రాత, ఇంత రోషం, చివరికి దొంగ సంతకాన్ని దొంగతనం చేయడానికి తయారైంది. టికెట్ నలిపి పిడికిట్లో పెట్టుకుంది.

"చెప్పేస్త," అంది.

"ఏం చెప్తవ్?"

"ఉన్నదే చెప్త."

ప్రవళిక మొహం పాలిపోయింది. "నా పేరు గూడ చెప్తవా?"

నిరోష పెన్ను బ్యాగులో పడేసింది. లింగంపేటలో బస్సు ఆగింది. ఎక్కేవాళ్లు ఎక్కారు. భూదవ్వ కిటికీలోంచి బయటికే చూస్తోంది. ఆమె కుడిచేతి వేళ్లు మాత్రం మోకాలి మీద ఏదో చుడుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి.

---

పర్శరాములు సారు మేడ మీది గది నిండింది. చాపలు పరిచి, మధ్యలో ఒక పొడవాటి బల్ల వేశారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే పుస్తకాలు తెరిచి ఆ బల్ల మీద పెడుతున్నారు. సారు పుస్తకం ఇంకా చంకలోనే ఉంది.

గోడ వారగా కుర్చీలో భూమక్క కూర్చుని ఉంది. తెల్లజుట్టు, నిండు మనిషి. ఆమె ఒళ్లో కూడా ఒక పుస్తకం ఉంది. నిరోష గుండె ఇంకో మెట్టు దిగింది. భూదవ్వ తిన్నగా వెళ్లి ఆమె కాళ్ల దగ్గర చాప మీద కూర్చుంది.

"మంచిగున్నవా వదినె?"

"ఉన్న. నువ్వే చిక్కినవ్."

అంతే మాట్లాడుకున్నారు. పలకరింపులో తేడా ఏమీ కనిపించలేదు. కనిపించకపోవడమే నిరోషను తినేస్తోంది.

సారు చంకలోని పుస్తకం తీసి మొదటి పేజీ తెరిచాడు. బల్ల మీద పెట్టబోయి, పక్కనున్న పేజీ చూశాడు. దాని పక్కది చూశాడు. జీవితమంతా పిల్లల జవాబు పత్రాలు దిద్దిన కళ్లు. కళ్లజోడు సవరించుకున్నాడు.

"సార్, ఫోటో తియ్యకున్రి," అంది నిరోష.

చాపల మీద ఉన్నవాళ్లు ఇటు తిరిగారు.

"మీ పుస్తకంల ఉన్నదే నా సంతకం. మిగతావి నేను పెట్టినవి కావు. నేను ఊళ్లె లేను. మా ఇంట్లోళ్లు పెట్టి పంపిన్రు. మిమ్మల్ని మోసం చేద్దమని కాదు. పని ఆగొద్దని పెట్టిన్రు. మా బీడీల ఇండ్లల్ల ఒకరి పేరు మీద ఇంకొకరు చేసుడు అలవాటు. నా పేరుతోని వచ్చింది కాబట్టి తప్పు నాది. అందరికి నేనే మల్ల సంతకం పెట్టి ఇస్త."

ప్రవళిక తలుపు చాటున ఊపిరి వదిలింది. ఆమె పేరు రాలేదు.

వెనక వరుసలోంచి లెక్చరర్ కృపారాణి లేచింది. మర్యాద తెలిసిన మనిషి, మర్యాదగానే అడిగింది. "ఏమనుకోకండి మేడమ్. మొదటి పేజీలో ఉన్నదే మీ చేతిది కాదన్నారు. మరి లోపలి పేజీల సంగతి?"

ఇన్నాళ్లూ నవ్వుల వెనక దాగిన మాట అది. ఈరోజు బయటికొచ్చి బల్ల మీద కూర్చుంది.

"లోపల ప్రతి అక్షరం నేనే రాసిన," అంది నిరోష. అక్కడితో ఆపేయవచ్చు. ఆపలేకపోయింది. పొద్దుటి నుంచి అడ్డం పడి ఉన్నది ఇప్పుడు కదిలింది. "కాని బతుకు నాది కాదు. గా బతుకు మా అత్తమ్మది. ఆ మాట పుస్తకంల ఎక్కడ రాయలే. రాయాల్సి ఉండె."

అందరూ భూదవ్వ వైపు తిరిగారు. ఆమె కొంగు సర్దుకుని తల దించుకుంది.

"నాకెర్కనే," అంది భూమక్క.

గొంతు పెద్దదేం కాదు, కానీ గదంతా విన్నది.

"మనవరాలు రాత్రంత సదివి ఇనిపిచ్చింది. అండ్ల కార్డు ఎవలిదో గూడ నాకు ఎర్కే." ఆమె ఒళ్లోని పుస్తకం తెరిచింది. ప్రవళిక రాసిన ముత్యాల మీద వేలు పెట్టింది. "నీ సంతకం నాకొద్దు బిడ్డా. నీది వద్దు, ఇంకెవలిదో వద్దు. ఎవల చేతుల ముచ్చటనో వాళ్ల సంతకం కావాలె నాకు."

వంగి, పుస్తకాన్ని భూదవ్వ ఒళ్లో పెట్టింది.

నిరోష గబగబా ముందుకొచ్చింది. "అత్తమ్మకు సంతకం రాదు పెద్దమ్మా. వేలిముద్ర ఏస్తది. సార్, స్టాంపు సిరా ఉన్నదా జర?"

భూమక్క ఆమె వైపు చూసి నవ్వింది. ఆ నవ్వులో జాలి ఉందో, వెక్కిరింత ఉందో.

"రాదా? ఎవలు చెప్పిన్రు నీకు?"

"వద్దు వదినె," అంది భూదవ్వ.

"పెట్టు."

"మందిల వద్దు."

"మందిలనే పెట్టు. పుస్తకం మందిలకు రాలేదా?"

భూదవ్వ పుస్తకం మోకాలి మీద సర్దుకుంది. తర్వాత చెయ్యి చాచింది. నిరోష తన పెన్ను ఇచ్చింది. భూదవ్వ పెన్ను ఎత్తకుండా, అక్షరం తర్వాత అక్షరం వెతుక్కోకుండా, దారం చుట్టినంత తేలిగ్గా ఒక్క ఊపులో రాసేసింది. కింద అడ్డంగా ఒక గీత కూడా గీసింది.

నిరోష వంగి చూసింది.

'భూమక్క.'

మళ్లీ చదివింది. అదే పేరు.

"వారం వారం కార్ఖానాల పెట్టాలె గద," అంది భూదవ్వ. ఎవరితోనో కాదు, పేజీతో చెబుతున్నట్టుగా. "మా అన్న పలక మీద దిద్దిపిచ్చిండు, వదినె లెక్కనే రావాలెనని. ఎవ్వలు పట్టలే. నాకొచ్చింది గీ ఒక్క పేరే. నా పేరు ఎవలు నేర్పలే. బ్యాంకుల గిది పెట్టరాదు గద, అందుకే ఏలిముద్ర."

పర్శరాములు సారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. సొంత పేరు కూడా వచ్చే ఉంటుందనుకుందేమో, భూమక్క మొహంలో నవ్వు పోయింది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చుంది.

నిరోషకు నవల ఆఖరి ఘట్టం గుర్తొచ్చింది. సిరా అంటిన బొటనవేలు. అందరూ ఏడ్చిన చోటు. ఎన్నేళ్లు ఒకే చాట దగ్గర కూర్చున్నారో, ఎన్ని అడిగిందో, ఈ ఒక్కటి మాత్రం అడగలేదు. రాదని తనే అనుకుంది. తనే రాసేసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"అత్తమ్మా," అంది. 

భూదవ్వ పుస్తకం మూసి భూమక్క ఒళ్లో పెట్టింది. పెన్ను నిరోష చేతిలో పెట్టింది. ఆ పెట్టడంలో కూడా కోపం లేదు.

"సంతకం విలువ ఎట్ల తెలుస్తదంటివి గద బిడ్డా పొద్దుగాల."

మోకాలి మీద చెయ్యి పెట్టి లేచింది. "నడువే ప్రవళికా, బస్సు పోతది."

ప్రవళిక ఒకసారి వదినను చూసి, తల్లి వెనక నడిచింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. వెనకాలే పరుగెత్తాలని నిరోష ఒక అడుగు వేసింది. అప్పటికే బల్ల దగ్గర వరుస కట్టారు. అందరికంటే ముందు కృపారాణి నిలబడి, తన పుస్తకం తెరిచి జరిపింది.

"ఈసారి మీరే పెడుతున్నారు కదా, మేడమ్?"

నిరోష పేజీ వైపు చూసింది. ముత్యాల రాత కింద బోలెడంత జాగా ఉంది. కింద వీధి తలుపు మూసుకున్న చప్పుడైంది. పెన్ను కాగితానికి ఆనించింది కానీ, 'ని' రాయడానికి చెయ్యి రాలేదు.